మా డాక్టరమ్మగారు, ఆవిడ బుధవారాలు

మా ఆయన లోకో షెడ్డు నుంచి వచ్చి, చేతుల మడ్డి సబ్బుతో రుద్దుకుంటూ ఆ మాట చెప్పారు.

"మీ డాక్టరమ్మ పోయారట. కర్గీ రోడ్డులోనే. నిన్ననే దహనం కూడా అయిపోనాదట. కట్నీ లైను డ్రైవరు చెప్పాడు."

పొయ్యి మీద గిన్నెలో మా అత్తగారికి వేసే సూది మరుగుతోంది. సూది మరిగేటప్పుడు దాని దగ్గర్నుంచి కదలకూడదని నాకు నేర్పింది ఆ డాక్టరమ్మగారే. కదల్లేదు. నీళ్ళు బుడగలు కడుతుంటే చూస్తూ నిలబడ్డాను. చల్లారాక మందు తీసి, మా అత్తగారికి సూది వేసి, అన్నం పెట్టి, ఆవిడ ఆఖరి ముద్ద మింగేదాకా ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మర్నాడే రైలెక్కి కర్గీ రోడ్డు ఊరు వెళ్ళాలనుకున్నాను. వెళ్ళలేకపోయాను. ఎందుకు వెళ్ళలేకపోయానో తెలియాలంటే ఆవిడ గురించి మొదటి నుంచీ చెప్పాలి.

డాక్టరమ్మగారు మా బిలాస్‌పూర్‌లో రైల్వే ఆస్పత్రి ఆడవాళ్ళ వార్డు చూసేవారు. విశాఖపట్నం వైపు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎండలో గొడుగు వేసుకుని, పట్టాలు దాటి, ఒక్కరూ నడిచి వచ్చేవారు. ఆ గొడుగూ ఆ నడకా చూసి మా క్వార్టర్ల వరండాల్లో ఆడవాళ్ళు మూతులు తిప్పుకునేవారు. ఆ మూతులు తిప్పుకునేవాళ్ళందరి కాన్పులూ ఆవిడ చేతిలోనే జరిగాయి.

నేను శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి పధ్నాలుగో ఏట కాపరానికి వచ్చాను. రెండు గదుల క్వార్టరు. ముందు గదిలో గుమ్మానికి అడ్డంగా మా అత్తగారి మంచం. లోపలికి ఎవరు రావాలన్నా, బయటికి ఎవరు పోవాలన్నా ఆ మంచం దాటాలి. నాకు హిందీ రాదు. మొదటి రెండేళ్ళలో నేను చూసిన బిలాస్‌పూర్ అంటే పెరటి గోడ, దాని మీద పేరుకునే బొగ్గు నుసి, ఒక్కసారి సదర్ బజార్‌లో గాజుల కొట్టు. పగలంతా రైళ్ళు కూసేవి. ఏ బండి ఎటు పోతోందో కూత విని చెప్పగలిగేదాన్ని. కాపరానికి వచ్చాక ఏ బండీ ఎక్కింది లేదు.

మా అత్తగారికి చక్కెర జబ్బు ముదిరితే డాక్టరమ్మగారు ఇన్సులిన్ మొదలుపెట్టారు. కలకత్తా నుంచి మంచుపెట్టెలో వచ్చే మందు. కాంపౌండరుగారు ఇంటికి వచ్చి సూది వేసి వెళ్ళేవారు. సూది వేసిన అరగంటలో కడుపునిండా తినాలన్నది షరతు. కానీ మా అత్తగారి లెక్క వేరు. తిండి వల్ల వచ్చిన జబ్బు కనక తిండి ఎంత తగ్గిస్తే అంత మంచిదనుకున్నారు. ఇంట్లో ఉన్న పంచదార, బెల్లం పక్క క్వార్టరు వదినకి ఇచ్చేశారు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేవారు.

వారం తిరక్కుండానే ఒక శుక్రవారం పొద్దున్న ఆవిడ చారులో ఉప్పు రెండుసార్లు వేశారు. పై పెదవి మీద చెమట పట్టింది. నావైపు తిరిగి, "ఇలా రా, అమ్మా" అన్నారు. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాను. కాసేపటికి మంచం మీద కూర్చుని ఊగడం మొదలుపెట్టారు. ముడి ఊడి జుట్టు మొహం మీద పడింది. పక్క క్వార్టరు వదిన వచ్చి చూసి రెండు చేతులూ జోడించేసింది.

"ఓలమ్మో, తల్లి వచ్చీసింది! శుక్రారం కాదేటి! పసుపు తే, కర్పూరం తే, బేగి!"

నలుగురు ఆడవాళ్ళు పోగయ్యారు. హారతి వెలిగింది. వదిన భర్త ఫైర్‌మన్. ఆయనకి డ్రైవరు పని కావాలని ఆవిడ మొక్కని దేవుడు లేడు.

"తల్లీ, మా ఆయనకి డ్రైవరు పని ఎప్పుడొస్తాది, సెప్పు తల్లీ!"

మా అత్తగారు తల అటూ ఇటూ ఊపారు.

"ఈ ఏడు కాదంటన్నాది. పై ఏడైనా ఇయ్యి తల్లీ, నీకు చీరెడతాను" అని వదిన బేరం మొదలుపెట్టింది.

అది అమ్మవారు కాదని నాకు తెలుస్తూనే ఉంది. వంటింటి గుమ్మంలో కర్పూరం పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను గాని నోరు రాలేదు. పెద్దవాళ్ళు చేతులు జోడించి నిలబడ్డ చోట కోడలు ఏమని అంటుంది? మా ఆయన భోజనానికి వచ్చి, వాళ్ళ అమ్మని చూసి, వచ్చిన కాలితోనే ఆస్పత్రికి పరిగెత్తారు కనక సరిపోయింది.

డాక్టరమ్మగారు వస్తూనే మా అత్తగారి చెయ్యి పట్టి చూసి, "పంచదార తెండి" అన్నారు. ఇంట్లో లేదు. బెల్లం? లేదు. చివరికి మేం ఇచ్చిన బెల్లమే వదిన తెచ్చి ఇచ్చింది. నీళ్ళలో కరిగించి, మింగుతోందో లేదో చూసుకుంటూ గుక్క గుక్కా పట్టారు. పావుగంటకి మా అత్తగారు లేచి కూర్చుని జనాన్ని చూశారు.

"ఇంతమంది ఏటి? ఎవులు పోనారు?"

డాక్టరమ్మగారు నవ్వలేదు. "చక్కెర జబ్బున్న ఇంట్లోనే చక్కెర ఉండాలమ్మా" అన్నారు. ఆ మాట ఆవిడ ఎన్ని ఇళ్ళలో చెప్పారో లెక్కలేదు. తరవాత అందరినీ అడిగారు, "ముందు ఎవరు పోల్చారు? ఏటి చూసారు?" ఆవిడ కళ్ళు అందరినీ దాటి నా దగ్గర ఆగాయి. చేతులు కడుక్కోవాలని చెప్పి నన్ను పెరట్లోకి తీసుకెళ్ళారు. నీళ్ళు పోస్తుంటే తలెత్తకుండానే అడిగారు.

"నువ్వు చూసావు కదా?"

"చారులో ఉప్పు రెండుసార్లు వేశారు. పెదవి మీద చెమట. నన్ను 'అమ్మా' అన్నారు."

"అంటే తప్పేటి?"

"ఎప్పుడూ అనరండి."

ఆవిడ పెద్దగా నవ్వారు. నవ్వి, తడి చేతులు అలాగే గాల్లో పెట్టుకుని నావైపు చూశారు. "నా ఇంగ్లీషు పుస్తకంలో ఎక్కడా లేదు, అత్తగారు ముద్దుగా పిలిస్తే చక్కెర తగ్గినట్టని. నీకు రాయడం వచ్చునా?"

నాలుగో తరగతి చదివానని చెప్పాను.

అలా మొదలయ్యాయి, వారం వారం నేను ఆస్పత్రికి వెళ్ళే బుధవారాలు. రక్తంలో చక్కెర ఎంతుందో చూడాలంటే రక్తం తీసి, మందు కలిపి, మరగబెట్టి, నీలం రంగు పోల్చి చూడాలి. "అది తేలేసరికి బండి వెళ్ళిపోద్ది" అనేవారు డాక్టరమ్మగారు. కనక పక్కనున్న మనిషి కన్నే ముందు పోల్చాలి. పుస్తకంలో గుర్తులు రాసున్నాయి గాని అవి ఎక్కడో ఆస్పత్రి మంచాల మీద చూసినవి. మన ఇళ్ళలో ఆ గుర్తుల్ని అమ్మవారనుకుంటారు, మగాళ్ళకైతే తాగాడనుకుంటారు. జబ్బు మనిషిని చూసి నేర్చుకుందామంటే ఏది జబ్బో ఏది చక్కెర తగ్గడమో తేలదు. అందుకని ఆరోగ్యంగా ఉన్న మనిషికి కొద్దిగా మందు ఇచ్చి, చక్కెర కాస్త తగ్గేదాకా చూసి, వెంటనే పైకి తేవాలి. డాక్టరమ్మగారు ఆస్పత్రి పెద్ద డాక్టరుగారి దగ్గర అనుమతి తెచ్చుకుని, మొదటి సూది తనకే వేయించుకున్నారు. ఇది ఆస్పత్రిలో, డాక్టరు ఎదుట చేసిన పని. చదివినవారెవరూ ఇంట్లో చేసి చూడవద్దు.

మా అత్తగారు నన్ను పంపడానికి ఒప్పుకున్నారు. "నా పేనం కోసం పంపుతున్నాను. షికారుకి కాదు. పదకొండుకల్లా ఇంట్లో ఉండు" అన్నారు.

ఆడవాళ్ళ వార్డు వెనక వరండాలో ఒక చెక్క కుర్చీ. పక్కన బల్ల మీద గ్లాసుతో గ్లూకోజు నీళ్ళు, తాగలేకపోతే నరానికి ఎక్కించడానికి నింపి పెట్టిన సూది. అవి రెండూ సిద్ధంగా లేకపోతే పని మొదలుపెట్టేవారు కాదు. కుర్చీలో ఉన్న మనిషి ఏ క్షణాన్నయినా "చాలు" అంటే చాలు. ఎందుకని ఎవరూ అడగకూడదు. అయితే చక్కెర తగ్గిన బుర్ర తన సంగతి తాను తెలుసుకోలేదు. కనక ఎదురుగా ఒక కాపలా మనిషి కూర్చోవాలి. ఆ మనిషికి వేరే పని ఉండకూడదు. కాపలా మనిషి "చాలు" అన్నా ఆపెయ్యాలి, కుర్చీలో మనిషి ఒప్పుకోకపోయినా సరే. ఆ కాపలా నాది.

మొదటి బుధవారం నేను చేసిన తప్పు ఇప్పటికీ మర్చిపోలేదు. డాక్టరమ్మగారు కుర్చీలో ఉన్నారు. కాంపౌండరుగారు నాడి చూస్తున్నారు. గంట దాటాక ఆవిడ పెదవి మీద చెమట చూశాను. చెప్పిన మాటే మళ్ళీ చెప్పడం విన్నాను. నోటిదాకా వచ్చింది. అంత పెద్దావిడకి నేను "చాలు" అనడమా అని మింగేశాను. ఆవిడ చేతిలో పెన్సిలు జారి కిందపడింది. అప్పుడు కాంపౌండరుగారే గ్లాసు అందుకున్నారు.

తేరుకున్నాక ఆవిడ అడిగారు, "ఎంతసేపయింది నువ్వు చూసి?"

నేను ఏడుపు మొదలుపెట్టాను.

"ఏడుపు తరవాత. ఎంతసేపు?"

"పెన్సిలు పడకముందే... చాలాసేపు."

"అచ్ఛా. నీ సిగ్గుకి నా పేనం తాకట్టు పెట్టావన్నమాట." ఆవిడ తిట్టలేదు. నన్ను లేపి గోడవైపు తిప్పి నిలబెట్టారు. "గోడకి చెప్పు. పదిసార్లు. పట్టాల అవతలకి వినబడాలి."

"చాలు" అన్నాను. నాకే వినబడలేదు. కాంపౌండరుగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "గోడకి చెవుడమ్మా, కాస్త గట్టిగా" అన్నారు. పదోసారికి వార్డులో బాలింతలు తొంగి చూశారు.

తరవాతి బుధవారం కాంపౌండరుగారు కుర్చీలో కూర్చున్నారు. శాంతమైన మనిషి. చక్కెర తగ్గేసరికి మొండికేశారు. "నాకేం కాలేదు, నాకేం కాలేదు" అంటూ గ్లాసు తోసేశారు. నేను గట్టిగా "చాలు" అన్నాను. డాక్టరమ్మగారు మరో మాట లేకుండా తాగించేశారు. నోటుబుక్కులో నా చేత రాయించారు: అడగకుండా నాకేం కాలేదనేవాడికి ఏదో అయిందని తెలుసుకోవలెను.

కొన్నాళ్ళకి నేనూ కూర్చుంటానన్నాను. ఆవిడ చేతిలో పని ఆపి నన్ను చూశారు.

"ఎందుకు?"

"మీకు మనుషులు కావాలి కదండీ."

"మీ అత్తగారు కూర్చోమంటే?"

"సరే అంటానండి."

"మీ ఆయన అంటే?"

"సరే అంటాను."

"మరి నీ సరేకి విలువేటి? వద్దనడం వచ్చినవాళ్ళ సరే నాకు కావాలి. పో, కాపలా చూడు."

నాకు చిన్నతనంగా అనిపించింది. ఆవిడ ప్రతి బుధవారం పని అయ్యాక ఒక కప్పు టీ కలిపి, "తాగుతావా?" అని అడిగేవారు. నాకు టీ పడదు. "సరేనండి" అని కళ్ళు మూసుకుని తాగేదాన్ని. వేసవి అంతా తాగాను. వానలు పడ్డాక ఒక రోజు, ఎందుకో, కప్పు ముందుకు రాగానే "వద్దండి, నాకిష్టం లేదు" అనేశాను. అనేసి భయపడి నిలబడ్డాను. ఆవిడ కప్పు వెనక్కి తీసుకుని తానే ఒక గుక్క తాగారు.

"నీ మొహం చూస్తే మొదటి రోజే తెలిసింది. ఎన్నాళ్ళు తాగుతావో చూద్దామనుకున్నాను. అబ్బ, ఎంత ఓర్పే నీకు!" అని, "ఇప్పుడు అడుగుతున్నాను. కుర్చీలో కూర్చుంటావా?" అన్నారు. అడిగి ఆగారు. నేను జవాబిచ్చేదాకా ఇంకో మాట అనలేదు. నా పెళ్ళికి కూడా ఎవరూ నన్ను అడిగి ఆగలేదు.

కూర్చుంటానన్నాను. ముందు నా గుండె, ఊపిరి చూశారు, నెల తప్పలేదు కదా అని అడిగారు, తూకం చూసి మందు కొలిచారు. మొదట ఆకలి వేసింది. తరవాత వేళ్ళు వణికాయి. యార్డులో రైలు పెట్టెలు తగిలే చప్పుడు చాలా దూరం నుంచి వచ్చినట్టుంది. అప్పుడు నేను అన్నమాట నాకు గుర్తులేదు. కాంపౌండరుగారు రాసిపెట్టారు. "తలుపు తియ్యండి" అన్నానట. వరండాకి తలుపే లేదు. "ఆ మంచం పక్కకి జరపండి, నేను పోవాలి" అన్నానట. తరవాతది గుర్తుంది. "చాలు" అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే గ్లాసు నా పెదాలకి తగిలింది. నేను చాలంటే ఒక పని ఆగడం నా బతుకులో అదే మొదలు. డాక్టరమ్మగారు నా రెండు చేతులూ పట్టుకుని, నేను తేరుకుని అన్నం తినేదాకా వదల్లేదు. రాసిన కాగితం చదివి మడిచిపెట్టారు.

ఆ కార్తీకంలోనే అసలు పరీక్ష వచ్చింది. సోమవారం పొద్దున్న మా అత్తగారు సూది వేయించుకున్నారు. నేను కంచం పెట్టి నీళ్ళకి వెళ్ళి వచ్చేసరికి కంచం ఖాళీ. తినేశానన్నారు. ఉపవాసమున్నానని చెప్పుకుంటే పుణ్యం పోతుందని, అన్నం గోడ అవతల ఆవుకి వేసి వచ్చారు. పొద్దెక్కేసరికి మళ్ళీ ఊగడం. మళ్ళీ వదిన, మళ్ళీ కర్పూరం. ఈసారి పంచదార మా ఇంట్లో ఉంది. నీళ్ళలో కలిపి తెచ్చాను. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఓసి, ఉపాసం మనిషే! నచ్చత్రాలు చూడకుండా నోట్లో పోస్తావేటి? పైగా తల్లి ఉన్నాది మీద!"

"తల్లి లేదు వదినా. చక్కెర లేదు. చెయ్యి వదులు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వదిన వదిలేసింది. మా అత్తగారు పళ్ళు బిగించి నా వేలు కొరికారు. ఆవిడ్ని పక్కకి తిప్పి, కొంచెం కొంచెంగా మింగించాను. తెలివి వచ్చాక ఆవిడ అన్న మొదటి మాట, "నా సోమారం పాడుచేసింది."

మూడు వారాలు నాతో మాట్లాడలేదు, నేను వండింది మానేసి వదిన పంపింది తిన్నారు. కానీ కాంపౌండరుగారు సూది పట్టుకుని వస్తే చెయ్యి చీర కొంగులో దాచుకున్నారు. "అదెయ్యాలి" అని గడ్డంతో నన్ను చూపించారు. ఆ రోజు నుంచి పొద్దున్నా సాయంత్రం సూది నాదే, కాపలా నాదే. మా చెల్లెలి పెళ్ళికి పంపలేదు. మా నాన్నకి జబ్బు చేస్తే పంపలేదు. గుమ్మానికి అడ్డంగా ఉన్న మంచాన్ని ఇంతకుముందు కళ్ళు గప్పి దాటవచ్చనిపించేది. ఇప్పుడు ఆ మంచం మీద మనిషి ప్రాణం నా చేతిలో పెట్టి కట్టేసినట్టయింది.

డాక్టరమ్మగారికి చెప్పుకున్నాను.

"నీకు మేలు చేసాననుకున్నాను. గొళ్ళెం పెట్టానేటి?" అని, "ఇంకొకరికి నేర్పు. ఒక్కరే కాపలా ఉంటే ఆ కాపలా మనిషికి సెలవుండదు" అన్నారు.

నేర్పలేదు. ఇక్కడ నిజం రాయాలి. ఆ ఇంట్లో నాకంటూ ఉన్నది ఆ విద్య ఒక్కటే. అది ఇంకొకరికి ఇచ్చేస్తే మళ్ళీ వంటింటి గుమ్మంలో నిలబడే కోడలినవుతానని భయం. మా అత్తగారు ఒక వైపు నుంచి గొళ్ళెం పెడితే రెండో వైపు నుంచి నేనే పెట్టుకున్నాను. ఈలోగా డాక్టరమ్మగారికి ఛాతీ జబ్బు చేసి, గాలి మార్పుకని కట్నీ లైనులో ఉన్న కర్గీ రోడ్డు ఊళ్ళో చిన్న గది అద్దెకి తీసుకుని వెళ్ళిపోయారు. రమ్మని రెండు కార్డులు రాశారు. "వీలు చూసుకుని వస్తాను" అని జవాబు రాశాను. వీలు చూసుకోలేదు.

పోయారన్న కబురు వచ్చిన రాత్రి అడిగాను, వెళ్ళొస్తానని.

"ఆవిడేటి మనకి చుట్టమా?" అన్నారు మా అత్తగారు. "నువ్వెల్తే నా సూదెవులేస్తారు?"

మా ఆయన నావైపు చూశారు, వాళ్ళ అమ్మవైపు చూశారు. "నిజమే కదా" అన్నారు.

నిజమే. అందుకే మర్నాడు పొద్దున్న గోడ దగ్గరికి వెళ్ళి వదినని పిలిచాను.

"వదినా, రేపట్నించి వచ్చి అత్తయ్య ఎదురుగా కూర్చుని ఈ పని నేర్చుకుంటావా? ఆలోచించుకుని చెప్పు. వద్దన్నా నేనేమీ అనుకోను."

"ఏటే, కొత్తగా అడుగుతున్నావు? రా అంటే రానేటి?"

"అలా కాదు. ఆలోచించుకుని చెప్పు."

వదిన విచిత్రంగా చూసి వెళ్ళి, సాయంత్రం వచ్చి, నేర్చుకుంటానంది. తొమ్మిది రోజులు నేర్పాను. చెమట ఎక్కడ పడుతుందో, ఏ మాట వింటే గ్లాసు అందుకోవాలో. "నన్ను చూడ్డానికి ఇద్దరేటి? నేనేటన్నా డేరా సినిమానా?" అని మా అత్తగారు సణిగారు. వదిన ఒక్క నిమిషం కూడా కళ్ళు తిప్పలేదు. పదో రోజు పొద్దున్న సూది తనే మరగబెట్టి, తనే వేసింది. మా అత్తగారు చెయ్యి దాచుకోలేదు. నేను మంచం పక్కనుంచి బయటికి నడిచాను.

మా ఆయన నన్ను ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కించి డ్యూటీకి వెళ్ళిపోయారు. ఉస్లాపూర్ స్టేషను వెనక్కి పోయింది. చెవితో తెలిసిన దారిని కంటితో చూశాను.

కర్గీ రోడ్డులో ఆవిడ ఉన్న గది ఊడ్చేసి ఉంది. మంచం గోడకి నిలబెట్టారు. ఇంటావిడ ఛత్తీస్‌గఢీ మనిషి. నాకు వచ్చిన కొద్ది హిందీతో అడిగితే చెప్పింది. చివరి రోజు మందు పట్టబోతే డాక్టరమ్మగారు "బస్", అంటే చాలు, అన్నారట. అంతే, చాలన్నాక ఎందుకని చెంచా పక్కన పెట్టేశామంది. బలవంతం చేయనందుకు తప్పు చేశామా అని నన్నే అడిగింది. లేదని చెప్పాను. ఆ గదిలో కాసేపు కూర్చుని వచ్చేశాను.

స్టేషనులో నేను తప్ప ఎక్కేవాళ్ళు లేరు. బిలాస్‌పూర్ పాసింజరు వచ్చి ఆగింది. నేను బెంచీ మీద కూర్చునే ఉన్నాను. సాయంత్రం సూది వదిన వేయగలదు. పొద్దుపోయాక ఇంకో బండి ఉంది. లేవాలనీ ఉంది, లేవకూడదనీ ఉంది. కింద ఎర్రమట్టి, మీద ఎండ, పని ఏమీ లేని నా రెండు చేతులు.

గార్డు తన పెట్టె మెట్టు మీంచి నన్ను చూశాడు. తెల్లకోటు, నెరిసిన మీసం. ఎవరో నేను ఎరగను. చుట్టిన పచ్చజెండా చేతిలో ఉంది. కేకవేయలేదు, తొందరపెట్టలేదు. వస్తావా అన్నట్టు కనుబొమలెత్తి, అలాగే ఆగాడు. ఇంజను ఆవిరి వదులుతోంది. నేను లేచేదాకా ఆయన జెండా విప్పలేదు.